ఆన్‌లైన్ కోర్సులో పాఠాల వరుస: ముందు థియరీయా, ముందు పనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చిత్తూరులో కొన్నేళ్లుగా ట్యాలీ (వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పుతున్నారు. ఇప్పుడు అదే కోర్సును తెలుగులో ఆన్‌లైన్‌లో పెట్టారు. మొత్తం నలభై వీడియోలు: మొదటి పన్నెండు అకౌంటింగ్ థియరీ, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్, చివర్లో జీఎస్టీ. మొదటి బ్యాచ్‌లో చాలామంది ఐదో ఆరో వీడియో దగ్గరే ఆగిపోయారు. థియరీ తీసేయాలా, వరుస మార్చాలా, ఒక పాఠం పూర్తిచేస్తేనే తర్వాతిది తెరుచుకునేలా లాక్ పెట్టాలా, వీడియో నిడివి ఎంత ఉండాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. థియరీ తీసేయకండి. దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎక్కడ అవసరమో అక్కడికి జరపండి. మొదటి పాఠంలోనే ఒక చిన్న పని మొదలు నుంచి చివరిదాకా చేయించండి. లాకులు ఒకటి రెండు చోట్ల తప్ప వద్దు. వీడియోలన్నీ మళ్లీ తీయాల్సిన పని లేదు, చాలావరకు వరుస మారిస్తే సరిపోతుంది.

నేను తిరుపతిలో కామర్స్ లెక్చరర్‌గా పనిచేసి, తర్వాత పూర్తిగా ఆన్‌లైన్ పాఠాల వైపు వచ్చాను. కాలేజీలకు, చిన్న ఇన్‌స్టిట్యూట్లకు, చేతిపని నేర్పేవాళ్లకు కోర్సులు కూర్చి ఇవ్వడమే ఇప్పుడు నా పని. మీరు పెట్టుకున్న వరుస పుస్తకంలో విషయసూచిక వరుస. విషయం ముందే తెలిసినవాళ్లకు అది చక్కగా కనిపిస్తుంది. మీ క్లాస్‌రూమ్‌లో అది నడిచింది కూడా. నడవడానికి కారణం మీరు ఎదురుగా ఉండటం. మూడో రోజుకు పిల్లల ముఖాలు వాడిపోతే మీరే ఏదో ఒక అంగడి లెక్క చెప్పి నిలబెట్టారు. రాత్రి అంగడి మూసి, అన్నం తిని, ఫోన్ తెరిచిన మనిషి ముందు మీరు లేరు. ఏది డెబిట్, ఏది క్రెడిట్ అని చెప్పే గోల్డెన్ రూల్స్ మూడూ విన్నాక "ఇది నా పనికి ఎక్కడ వస్తుంది?" అనే ప్రశ్నకు జవాబు పన్నెండో వీడియో దాటితే గానీ దొరకదు. అంతదాకా ఓపిక పట్టమని అడగడం న్యాయం కాదు.

మొదటి పాఠం ఎలా ఉండాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ కోర్సు నిలబడేదీ పడేదీ అక్కడే. ట్యాలీ ప్రైమ్‌లో కంపెనీ క్రియేట్ చేయడానికి పేరు, రాష్ట్రం, ఆర్థిక సంవత్సరం ఇస్తే చాలు. చిత్తూరులో ఒక చిన్న కిరాణా అంగడి అనుకోండి. క్యాష్ లెడ్జర్, అంటే నగదు ఖాతా, ట్యాలీలో ముందే ఉంటుంది. ఇంకో నాలుగు లెడ్జర్లు చేయించండి: క్యాపిటల్, పర్చేజ్, సేల్స్, అద్దె. ఆ తర్వాత నాలుగే ఎంట్రీలు. ఓనరు 50,000 రూపాయలు పెట్టుబడి పెట్టాడు. 20,000కు సరుకు నగదుకు కొన్నాడు. 3,000కు అమ్మాడు. 5,000 అద్దె కట్టాడు. జీఎస్టీ లేదు, స్టాక్ ఐటమ్స్ లేవు, గ్రూపుల గురించి ఉపన్యాసం లేదు. అమ్మకం ఎంట్రీ వేసే తెర, అంటే సేల్స్ వోచర్ కోసం ఎఫ్8 నొక్కగానే ఐటమ్ పేరు అడుగుతుంది, కంట్రోల్+హెచ్‌తో మోడ్ మార్చడం మీరే చూపించేయండి. ఎందుకని ఇప్పుడు వివరించకండి. ఏ లెడ్జర్ ఏ గ్రూపులోకి వెళ్తుందో కూడా అంతే, మీరు చెప్పింది వాళ్లు వేస్తారు. ఫ్రీగా దొరికే ఎడ్యుకేషనల్ మోడ్ అన్ని తేదీలకూ ఎంట్రీ వేయనివ్వదు కాబట్టి అన్నీ 1వ తేదీకే వేయించండి, ఆ సంగతి ఎంట్రీ మొదలుపెట్టక ముందే ఒక్క మాట చెప్పండి. నేర్చుకునేవాళ్లు మొదట తడబడేది ఇలాంటి చోటే. సాఫ్ట్‌వేర్ తేదీ తీసుకోకపోతే తప్పు తమదే అనుకుని మూసేస్తారు.

ఇప్పుడు బ్యాలెన్స్ షీట్ తెరిపించండి. చేతిలో క్యాష్ 28,000 కనిపిస్తుంది, సరే. లాభనష్టాల ఖాతాలో 22,000 నష్టం కనిపిస్తుంది. అక్కడ వీడియో ఆపి "ఇది నిజమేనా?" అని అడగండి. "మేడం, సరుకంతా అంగట్లోనే ఉంది కదా, నష్టమెట్ల చూపిస్తా ఉంది?" అని ఒకరైనా అడగని బ్యాచ్‌ను నేను చూడలేదు. ఆ ప్రశ్నకు జవాబే క్లోజింగ్ స్టాక్, అంటే చివరికి అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు విలువ. మీ పాత వరుసలో అది ఫైనల్ అకౌంట్స్ కింద తొమ్మిదో వీడియోలో ఒక నిర్వచనంగా ఉంది. ఇక్కడ అదే వీడియో రెండో పాఠంగా వస్తే, వినేవాళ్లు దానికోసం ఎదురుచూస్తూ ఉంటారు. థియరీని అవసరం పక్కన పెట్టమని నేనంటున్నది ఇదే.

డెబిట్, క్రెడిట్ సంగతీ అంతే. పేమెంట్ ఎఫ్5, రిసీట్ ఎఫ్6, నగదుకూ బ్యాంకుకూ మధ్య డబ్బు మార్చే కాంట్రా ఎఫ్4 ఈ మూడింటినీ సింగిల్ ఎంట్రీ మోడ్‌లో నడిపితే ఏ ఖాతా నుంచి, దేనికోసం అని అడుగుతుందే తప్ప డెబిట్, క్రెడిట్ అనే మాటతో పని పడదు. జర్నల్ వోచర్ ఎఫ్7 వచ్చాకే ఆ మాటలు లేకుండా అడుగు పడదు. కట్టాల్సిన అద్దె ఇంకా కట్టలేదు, అయినా ఈ నెల ఖర్చులో చూపించాలి. ఫ్రిజ్ మీద తరుగుదల రాయాలి. అలాంటి ఎంట్రీ ఒకటి ముందు పెట్టి, అప్పుడు గోల్డెన్ రూల్స్ వీడియోలు వేయండి. అవి మూడు నాలుగు ఉంటాయి కదా, వాటిలో ఏమీ మార్చకుండా అలాగే ఇక్కడికి తేవచ్చు. అప్పటికి నేర్చుకునేవాళ్ల చేతిలో పదుల ఎంట్రీలు ఉంటాయి. ప్రతి రూల్‌నూ తాము వేసిన ఎంట్రీతో పోల్చి చూసుకుంటారు.

ఇంత చిన్నగా మొదలుపెడితే లోతు పోతుందేమో అని కామర్స్ వాళ్లం భయపడతాం. పోదు, మళ్లీ మళ్లీ అదే చోటికి వచ్చేలా కూర్చితే. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో చెప్పిన స్పైరల్ కరికులమ్ ఇదే: విషయాన్ని ఒకసారి చెప్పి వదిలేయకుండా, ప్రతిసారీ కొంచెం ఎక్కువ లోతుతో మళ్లీ తాకడం. 1970ల చివర్లో విద్యా పరిశోధకుడు చార్ల్స్ రైగెలూత్ దీన్ని కోర్సుల రూపకల్పనలోకి ఇంకాస్త స్పష్టంగా తెచ్చారు. ముందు పనిని సరళమైన రూపంలో మొత్తంగా చూపించు, ఆ తర్వాత ఒక్కో చిక్కు చేర్చు అన్నారు. మీ కోర్సుకు దీన్ని వర్తింపజేస్తే నేను మూడు చుట్లు పెడతాను. మొదటి చుట్టు, ఒక అంగడి నెల లెక్క, అంతా నగదు. రెండో చుట్టు, అదే అంగడి రెండో నెల. ఇప్పుడు అప్పు అమ్మకాలు, అప్పు కొనుగోళ్లు, స్టాక్ ఐటమ్స్, బ్యాంకు ఖాతా, జర్నల్ వస్తాయి. మూడో చుట్టు, అంగడి కాస్త పెద్దదై జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుంది. టాక్స్, రిటర్న్‌లు, బ్యాంక్ రీకన్సిలియేషన్ (మన లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడటం). ప్రతి చుట్టూ బ్యాలెన్స్ షీట్ దగ్గరే ముగియాలి. కోర్సు మధ్యలో మానేసినవాళ్లు కూడా ఒక చిన్న అంగడి లెక్క రాయగలిగే స్థితిలో ఉంటారు. మీ ఇప్పటి వరుసలో పదిహేనో వీడియో దగ్గర మానేసినవాళ్లు ఏ పనీ చేయలేరు.

జీఎస్టీ చివర్లో ఉండటం సరైనదే. కానీ లోపలి వరుస చూసుకోండి. 2017 జూలై 1, కౌన్సిల్, చట్టం, నిర్వచనాలు, రేట్లు ఇలా మొదలుపెట్టే అలవాటు అందరికీ ఉంది. మీరు చిత్తూరులో ఉన్నారు, రెండు రాష్ట్రాల సరిహద్దు చేతికందే దూరంలో ఉంది, దాన్ని వాడుకోండి. అదే సరుకు ఒక బిల్లు శ్రీకాకుళానికి, ఒక బిల్లు వేలూరుకు వేయించండి. ఎక్కడో దూరాన, అయినా మన రాష్ట్రంలోనే ఉన్న శ్రీకాకుళానికి రాష్ట్రం లోపలి అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడ్డాయి. పక్కనే, కానీ తమిళనాడులో ఉన్న వేలూరుకు రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ పడింది. ఎందుకు? పార్టీ లెడ్జర్‌లో రాష్ట్రం తప్పు వేస్తే ఏమవుతుంది? ఈ రెండు బిల్లులు కళ్లముందు ఉన్నాక సరఫరా స్థలం (సరుకు ఏ రాష్ట్రానికి చేరింది) అనే భావనకు మీరు ఐదు నిమిషాలకు మించి ఖర్చు పెట్టక్కర్లేదు.

రేట్ల పట్టికను మాత్రం ఏ వీడియోలోనూ చదవకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం స్లాబులు దాదాపుగా పోయి చాలా వస్తువులు 5, 18కి మారాయి, కొన్నింటికి 40 వచ్చింది. రేట్లను పాఠంలో కలిపి చెప్పినవాళ్లందరూ ఆ వారం వీడియోలు మళ్లీ తీయాల్సి వచ్చింది. మారే విషయాలను మారని విషయాల నుంచి విడదీసి, సులభంగా దిద్దుకునే ఒక పేజీలో పెట్టండి.

ఇక మీరు అడగని విషయం ఒకటుంది, కానీ వరుస అంటే అది కూడా. పాఠాల వరుస గురించి అందరూ ఆలోచిస్తారు, అభ్యాసాల వరుస గురించి ఆలోచించరు. పేమెంట్ వోచర్ వీడియో, దాని కింద పది పేమెంట్ ఎంట్రీలు. రిసీట్ వీడియో, దాని కింద పది రిసీట్లు. ఇలా ఉంటే పిల్లలు టకటకా వేసేస్తారు, మనకూ సంతోషంగా ఉంటుంది. కానీ ఏ వోచర్ వేయాలో వాళ్లు నిర్ణయించుకోలేదు, మీ పాఠం పేరే చెప్పేసింది. ఉద్యోగంలో చేరిన రోజు ఓనరు ఒక క్లిప్పులో గుచ్చిన కాగితాల కట్ట ఇస్తాడు: కరెంటు బిల్లు, బ్యాంకులో డబ్బు కట్టిన స్లిప్పు, హోల్‌సేల్ వ్యాపారి అప్పు బిల్లు, ఎవరో పాత బాకీ ఇచ్చినట్టు చీటీ. అక్కడ అసలు పని ఏది ఎఫ్4, ఏది ఎఫ్5, ఏది ఎఫ్9 (కొనుగోలు) అని గుర్తుపట్టడమే.

దీని మీద రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనరూపాల ఘనపరిమాణం లెక్కలు నేర్పారు. కొందరికి ఒక రకం అయ్యాక ఇంకో రకం, కొందరికి అన్నీ కలిపి. అభ్యాసం చేసేటప్పుడు విడివిడిగా చేసినవాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60 శాతం వచ్చింది. వారం తర్వాత పరీక్ష పెడితే విడివిడిగా చేసినవాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్లు 63 శాతం తెచ్చుకున్నారు. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, లెక్కలకు సంబంధించిన ప్రయోగమే. అయినా నా కోర్సుల్లో చూసింది కూడా అదే తీరు. కాబట్టి కొత్త వోచర్ నేర్పిన వెంటనే అదే రకం రెండు మూడు వేయించండి, ఆ తర్వాత పాతవాటితో కలిపేయండి. కలిపిన రోజు మార్కులు తగ్గుతాయి, టెన్షన్ పడతారు, "ముందు బాగానే వచ్చింది కదా" అని మెసేజ్‌లు పెడతారు. తగ్గడం మామూలే అని అభ్యాసం పైనే ఒక వాక్యం రాసి పెట్టండి.

అభ్యాసాల్లో ఇంకో మెట్టు కూడా ఉంది. మొదట పూర్తిగా చేసి చూపిన ఉదాహరణ, తర్వాత సగం నింపి సగం వదిలింది, తర్వాత ఖాళీది. విద్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ బృందం 1980ల నుంచి చేసిన పని దీనికి ఆధారం: కొత్తవాళ్లకు చేసి చూపిన ఉదాహరణలే ఎక్కువ మేలు చేస్తాయి, ఎందుకంటే ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది కొంచెమే. విషయం వచ్చినవాళ్లకు మాత్రం అవే ఉదాహరణలు అడ్డు పడతాయి, అది కూడా తర్వాతి పరిశోధనల్లో తేలింది. మీ బ్యాచ్‌లో బీకామ్ చదివినవాళ్లూ ఉంటారు, పదో తరగతితో ఆపి అంగట్లో కూర్చున్నవాళ్లూ ఉంటారు. వాళ్లిద్దరికీ ఒకే వరుస కుదరదు. ప్రతి చుట్టు మొదట్లో ఒక కాగితాల కట్ట ఇవ్వండి. ఎంట్రీలు వేసి బ్యాలెన్స్ షీట్ అంకె సరిగా తేగలిగితే నేరుగా తర్వాతి చుట్టుకు వెళ్లనివ్వండి.

వరుస తేల్చుకునే పద్ధతి. రాబర్ట్ గాన్యే అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1960ల్లో చెప్పిన ఆలోచనను నేను చీటీలతో చేస్తాను. ప్రతి పాఠం ఒక చీటీ మీద రాయండి. "లెడ్జర్లు" అని కాదు, "పార్టీకి లెడ్జర్ తెరవగలగాలి" అని పనిగా రాయండి. చివరి పని చీటీని గది మధ్యలో నేల మీద పెట్టి, "ఇది చేయాలంటే ముందు ఏం చేయగలగాలి?" అని అడుగుతూ వెనక్కి రండి. అవసరమైన ప్రతి చీటీకీ బాణం గీయండి. చివరికి ఏ బాణమూ తాకని చీటీలు కొన్ని మిగులుతాయి. అకౌంటింగ్ చరిత్ర, ట్యాలీ పాత వెర్షన్లు, 28 గ్రూపులనూ వరుసగా చదివి వినిపించే వీడియో, ఇవన్నీ సాధారణంగా అక్కడే తేలతాయి. వాటిని పారేయక్కర్లేదు, "ఇంకా తెలుసుకోవాలంటే" అని ఒక పక్కన పెట్టండి. ప్రేమతో తయారుచేసుకున్న వీడియో పక్కకు వెళ్తుంటే లెక్చరర్లకు కష్టంగా ఉంటుంది, ఆ బాధ నాకు తెలుసు. అయినా పెట్టాలి.

పని జరిగే వరుస, నేర్చుకునే వరుస ఒకటే కానక్కర్లేదు అని నాకు బాగా తెలిసింది శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే ఒకావిడకు కోర్సు కూర్చినప్పుడు. పని వరుస ప్రకారం ముందు బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఆరబెట్టాలి. ఆ తర్వాతే వెదురు కలంతో గీత. ఆవిడ మొదటి వీడియోలన్నీ నానబెట్టడం మీదే. మేము దాన్ని తిప్పాం. నేర్చుకునేవాళ్లకు ఇంటికి రెండు ముక్కలు పంపాం, ఒకటి సిద్ధం చేసిన బట్ట, ఒకటి మామూలు కోరా బట్ట. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి చేసిన నల్లరంగుతో రెండింటి మీదా ఒకే గీత గీయమన్నాం. సిద్ధం చేసిన ముక్క మీద గీత నల్లగా, సన్నగా నిలిచింది. రెండోదాని మీద పాకింది, నలుపూ రాలేదు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిస్తేనే నలుపు, పాలలోని కొవ్వు వల్లే గీత పాకదు. ఆ తర్వాత నానబెట్టే వీడియో పెడితే పాళ్లు ఎంత అని గుచ్చి గుచ్చి అడిగారు.

అన్ని చోట్లా ఇలా తిప్పడం కుదరదు. కరెంటు పని, ల్యాబ్‌లో యాసిడ్లు, మందుల మోతాదు లాంటివాటిలో జాగ్రత్తలు ముందు రావాల్సిందే, అక్కడ లాక్ కూడా పెట్టాల్సిందే. డీఎస్సీ, టెట్ లాంటి పరీక్షల కోర్సులైతే అభ్యర్థులకు సిలబస్ వరుస కళ్లముందు ఉంటేనే ధైర్యం. అలాంటప్పుడు నేర్పే వరుస మీ ఇష్టప్రకారం పెట్టి, ప్రతి పాఠం పక్కన సిలబస్‌లో అది ఏ అంశమో రాయండి.

లాకుల గురించి. కోర్సులు నడిపే మూడిల్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నానన్నారు కాబట్టి, పాఠాలకు లాక్ వేసే రిస్ట్రిక్ట్ యాక్సెస్ సెట్టింగ్ మీ చేతిలోనే ఉంది. ఉంది కదా అని ప్రతి పాఠానికీ పెడితే, నెట్ సరిగా లేక ఒక వీడియో పూర్తయినట్టు నమోదు కాని మనిషి అక్కడే ఇరుక్కుంటాడు. మీ కోర్సులో నేను రెండు చోట్లే పెడతాను: రెండో చుట్టుకు ముందు, మూడో చుట్టుకు ముందు. అది కూడా వీడియో చూశారా అని కాదు, కాగితాల కట్టకు సరైన అంకె వచ్చిందా అని. పైన చెప్పిన కట్టే ఇది, ఒక్క పరీక్షతో రెండు పనులూ అవుతాయి.

వీడియో నిడివి ఎంత అని కూడా అడిగారు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఒక పరిశోధన వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా, మధ్యస్థంగా జనం నిలబడి చూసింది ఆరు నిమిషాలకు మించలేదు. మీవి ఇరవై ఐదు నిమిషాలున్నాయి కాబట్టి ఎంట్రీ వేయించే ప్రతి చోటా కోసేయండి. కోసిన చోట పని ఉండాలి, ఊరికే పార్ట్ 1, పార్ట్ 2 అని కోస్తే లాభం లేదు.

వారానికి కొన్ని పాఠాలు చొప్పున విడుదల చేయడం ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులకు నప్పింది, ఎందుకంటే అక్కడ వారం వారం అసైన్‌మెంటు గడువు, చివర్లో పరీక్ష తేదీ ముందే ఖరారై ఉంటాయి. మీవాళ్లలో చాలామంది ఇప్పటికే ఎక్కడో లెక్కలు రాస్తున్నారు. నెలవారీ రిటర్న్‌లు వేసేచోట అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1కి 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్‌టీఆర్-3బికి 20వ తేదీ గడువు. ఆ మధ్య రోజుల్లో కొత్త పాఠం పెట్టకండి, గడువు అసలే పెట్టకండి. మూడో చుట్టులోని రిటర్న్ పాఠం మాత్రం నెల మొదటి వారంలో తెరవండి, వారం తిరక్కుండానే ఆఫీసులో అదే పని వాళ్ల చేతికి వస్తుంది.

ముందుగా చేయాల్సింది ఒక్క మొదటి పాఠం. అది కొత్తగా రికార్డ్ చేసి, మానేసినవాళ్లలో ఇద్దరు ముగ్గురిని పిలిచి, మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. వాళ్ల మౌస్ ఎక్కడ ఆగిందో రాసుకోండి. మిగతా వీడియోల వరుస చీటీలతో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.